కదలకుండా కూర్చుని చలనం లెక్కలు చేసే పద్ధతి

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్సు ఒక్కసారి రాసి పాసైపోయినవాణ్ణి సలహా అడక్కండి. వాడు ఆ పరీక్షను బస్సు కిటికీలోంచి చూసి వెళ్ళిపోయినవాడు. మూడుసార్లు రాసినవాణ్ణి అడగండి, అంటే నన్ను. అదే దిమ్మె, అదే వాలుతలం, అదే కప్పీ, అదే బరువులేని దారం మూడుసార్లు నా ముందుకొచ్చాయి. మూడుసార్లూ అప్పులవాడు ఎదురైనట్టు మొహం చూడకుండా పక్కసందులోంచి తప్పుకున్నాను. మూడోసారి పాసయ్యాను కూడా. ఎలా పాసయ్యానో పేపరు దిద్దినాయనకే తెలియాలి. ఈ విద్య నాతోనే పోకూడదని రాసిపెడుతున్నాను.

సరళరేఖాత్మక గమనం, సమతలంలో గమనం, గమన నియమాలు. ఈ మూడు పాఠాల తర్వాత ఏడాదంతా వచ్చేవి వీటి చుట్టాలే. కాబట్టి పునాది ఇక్కడే పడాలి. నా పద్ధతిలో పునాది వేస్తే ఆపైన ఏమీ కట్టాల్సిన శ్రమ ఉండదు.

1. ప్రశ్న చదవకండి, అంకెలు ఏరండి

బియ్యంలో రాళ్ళు ఏరడం చూశారు కదా. అదే పని. కాకపోతే ఇక్కడ రాళ్ళు దాచుకుని బియ్యం పారబోస్తాం. "నిశ్చలస్థితి నుంచి బయలుదేరిన ఒక కారు 2 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ త్వరణంతో 5 సెకన్లు ప్రయాణించిన..." అని ఉంటే 2, 5 తీసుకోండి, మిగతాది సాహిత్యం. "నిశ్చలస్థితి నుంచి" అన్న మాటలో తొలివేగం సున్నా అనే మూడో అంకె దాక్కుని ఉందని కొందరంటారు. "నునుపైన తలం" అంటే ఘర్షణ లేదనీ, "సమవేగంతో" అంటే నికరబలం సున్నా అనీ, "నెమ్మదిగా వదిలారు" అంటే తోయలేదనీ ఏవేవో చెప్తారు. దాక్కున్నవాటిని వెతకడం పోలీసుల పని, మీకెందుకు?

ఇప్పుడు అంకెలు లెక్కపెట్టండి. రెండుంటే గుణించండి. మూడుంటే వి ఈక్వల్ టు యు ప్లస్ ఏటీ. నాలుగుంటే ప్రశ్న వదిలేయండి, పేపరు తయారుచేసినాయనకు మన మీద ఏదో పాతకక్ష ఉంది.

సూత్రం ఎంచుకోవడానికి కూడా సులువైన పద్ధతుంది. ఉన్నవి మూడు సమీకరణాలు. అన్నిటికంటే పొట్టిది తీసుకోండి. ప్రశ్నలో కాలం ఇవ్వలేదు, అడగలేదు, దూరమూ వేగమూ మాత్రమే ఉన్నాయి కాబట్టి వి స్క్వేర్ మైనస్ యు స్క్వేర్ ఈక్వల్ టు టూ ఏఎస్ వాడాలని పక్కబెంచీవాడు గొణుగుతాడు. ఏది ఇచ్చారు, ఏది అడిగారు, ఏది అసలు లేదు అని మూడు వరుసల్లో రాసుకునే రకం వాడు. వాడికి టైం ఎక్కువ. మీరు కాలం బదులు ఒక సెకను వేసేయండి. ఒక్క సెకనులో కొంపలేం మునగవు.

2. బొమ్మ గీయకండి

మిగతా సలహాలన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. ఇది మాత్రం తాయెత్తులా కట్టుకోండి.

బొమ్మ గీస్తే ప్రమాదమేమిటంటే, లెక్క అర్థమైపోతుంది. అర్థమయ్యాక చెయ్యక తప్పదు. దిమ్మెను ఒక్కదాన్నే విడిగా గీసి, దాన్ని ఎవరెవరు లాగుతున్నారు, ఎవరు తోస్తున్నారు, ఏ వైపుకు అని బాణాలు వేసే పనిని స్వేచ్ఛా వస్తు పటం అంటారు. పేరులో స్వేచ్ఛ ఉందని మోసపోకండి. నాలుగు బాణాలు వేసేసరికి రెండు సమీకరణాలు వాటంతటవే ఊడిపడతాయి. అక్కణ్ణుంచి తప్పు చేద్దామన్నా దారుండదు.

ఉదాహరణ చూడండి. నేలమీద 10 కిలోల దిమ్మె ఉంది. నేలకు 30 డిగ్రీల కోణంలో పైకి ఏటవాలుగా తాడు కట్టి 50 న్యూటన్ల బలంతో లాగుతున్నారు. ఘర్షణ గుణకం 0.2. జీ విలువ 10. త్వరణమెంత?

మన పద్ధతి: బరువు 100 న్యూటన్లు. దాన్ని 0.2తో గుణిస్తే ఘర్షణ 20. యాభైలోంచి ఇరవై తీస్తే ముప్పై. దాన్ని పదితో భాగిస్తే 3. ఎంత ముద్దొస్తోందో చూడండి, దశాంశమైనా లేదు!

బొమ్మ గీసేవాడి పద్ధతి: తాడు పైకి కూడా లాగుతోంది కదా అంటాడు. యాభైలో సైన్ 30, అంటే 25 న్యూటన్లు పైకి పోతాయి, దిమ్మె నేల మీద అంత తేలిగ్గా ఆనుతుంది, అభిలంబ ప్రతిచర్య 75 మాత్రమే, కాబట్టి ఘర్షణ 15. ముందుకు లాగేది యాభైలో కాస్ 30, అంటే 43.3. అందులోంచి 15 పోతే 28.3. త్వరణం 2.83. ఇదొక సమాధానమేనా? చివర్న మూడు మొలకెత్తి, చూడ్డానికే అసహ్యంగా ఉంది.

ఇక్కడే వృత్తిరహస్యం ఒకటి చెప్పాలి. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో మన 3 ఆప్షన్‌గా ఉంటుంది. తప్పకుండా ఉంటుంది. పేపరు తయారుచేసేవాళ్ళు నాలుగు ఆప్షన్లలో ఒకటి సరైన సమాధానానికి కేటాయించి, మిగతా మూడూ మనలాంటివాళ్ళు ఏ దారిన పోతారో ఊహించి అక్కడక్కడ కుర్చీ వేసి ఉంచుతారు. తాడు కోణం మరిచిపోయినవాడికొక కుర్చీ, సైన్‌కు బదులు కాస్ వేసినవాడికొకటి, ఘర్షణ వదిలేసినవాడికొకటి. మీ సమాధానం ఆప్షన్లలో కనిపించిందంటే ఇక రెండో ఆలోచన వద్దు. మర్యాదగా కూర్చోమంటే కూర్చోవాలి.

ఎనిమిది మార్కుల ప్రశ్నలో బొమ్మకు మార్కులున్నాయని బెదిరిస్తే, ఒక డబ్బా గీసి నాలుగు వైపులా నాలుగు బాణాలు వేయండి. వాటికి పేర్లు పెట్టకండి. పేరు పెడితే పట్టుబడతారు. వస్తువు ఏ వైపు కదులుతోందో ఆ వైపు అదనంగా ఇంకో లావుపాటి బాణం వేసి "చలన బలం" అని మాత్రం రాయండి. ఆ బలాన్ని ఎవరు ప్రయోగిస్తున్నారని లెక్చరర్ అడుగుతారు. తాడూ కాదు, నేలా కాదు, భూమీ కాదు. "అది లోపల ఉంటుంది సర్" అనండి.

3. ఘర్షణ అంటే ఎప్పుడూ మ్యూ ఎన్నే

గది మధ్యలో 10 కిలోల ట్రంకుపెట్టె ఉంది. స్థైతిక ఘర్షణ గుణకం 0.5. మీరు 20 న్యూటన్ల బలంతో తోశారు. ఘర్షణ ఎంత?

తోసినంతే ఘర్షణ కూడా ఎదురు నిలుస్తుంది, కాబట్టి అదీ ఇరవయ్యే, పెట్టె కదలదు, యాభై అన్నది ఘర్షణ ఎదగగలిగిన గరిష్ఠ హద్దు మాత్రమే అని పుస్తకం గొణుగుతుంది. పట్టించుకోకండి. ఇంత తోస్తే ఇంత, అంత తోస్తే అంత అని ఊగిసలాడే బలాన్ని నమ్మేదెలా? మ్యూ ఎన్ అంటే మ్యూ ఎన్. ఘర్షణ యాభై. ఇరవైలోంచి యాభై తీస్తే మైనస్ ముప్పై. త్వరణం మైనస్ 3.

అంటే మీరు ముందుకు తోస్తే పెట్టె వెనక్కి తిరిగి మీ మీదికొస్తుంది. మా తాతగారింట్లో ఒక గేదె అచ్చం ఇలాగే చేసేది. కాబట్టి ఈ సమాధానం ప్రకృతిలో లేనిదని ఎవరూ అనలేరు.

4. మైనస్ కనిపిస్తే తుడిచేయండి

మైనస్ గుర్తు లెక్క మీద వాలిన ఈగ లాంటిది. వేగానికి మైనస్సేమిటి, దూరానికి మైనస్సేమిటి? ఏ దిశ ధనాత్మకమో మొదట్లోనే నిర్ణయించుకుని చివరిదాకా దానికే కట్టుబడితే ఆ గుర్తుకు అర్థముంటుందంటారు. మొదట్లో నిర్ణయించుకుని చివరిదాకా కట్టుబడడం చేతనైతే మనం ఈ వ్యాసం దాకా ఎందుకొస్తాం? పైకి వెళ్ళేటప్పుడు పైదిక్కు ప్లస్సు, కిందికొచ్చేటప్పుడు కిందిదిక్కు ప్లస్సు. ఎక్కడి పాట అక్కడ పాడాలి.

ఒకే ఒక్క చోట మైనస్సును ఉంచుకోండి. అరవై మీటర్ల గోపురం మీంచి 20 మీటర్ పర్ సెకండ్ వేగంతో రాయిని నిట్టనిలువుగా పైకి విసిరారు. నేలను ఎప్పుడు తాకుతుంది? జీ పది. కిందామీదా పడితే టీ స్క్వేర్ మైనస్ ఫోర్ టీ మైనస్ ట్వెల్వ్ ఈక్వల్ టు జీరో అని వర్గసమీకరణం వస్తుంది. దానికి రెండు జవాబులు: 6 సెకన్లు, మైనస్ 2 సెకన్లు. మైనస్ 2 ఎంచుకోండి. విసరడానికి రెండు సెకన్ల ముందే రాయి నేలమీద ఉంది. నిజమే కదా, నేలమీద ఉన్నదాన్నేగా తీసుకుని పైకెక్కారు!

ధైర్యం చాలకపోతే రెండూ రాసి, మధ్యలో "లేదా" పెట్టి, కింద రెండు గీతలు కొట్టండి. ఎంచుకునే కష్టం దిద్దేవాళ్ళకు వదిలేయండి. జీతం తీసుకునేది వాళ్ళు.

5. సైనా, కాసా?

బొమ్మాబొరుసూ వేయండి. బొమ్మ పడితే సైన్, బొరుసు పడితే కాస్. నేను మూడుసార్లూ అర్ధరూపాయి బిళ్ళతోనే నడిపాను.

ఈ సందర్భంలో చెడు స్నేహాల గురించి ఒక మాట. హాస్టల్లో నా పక్కమంచం కుర్రాడికి ఈ జబ్బుండేది. రాత్రి స్టడీ అవర్లో అందరం బుద్ధిగా సూత్రాలు బట్టీ కొడుతుంటే, వాడు ఫిజిక్సు పుస్తకం మీద రబ్బరు పెట్టి, పుస్తకాన్ని ఒకవైపు నుంచి కొద్దికొద్దిగా ఎత్తేవాడు. ఎత్తుతూ రబ్బరును చూసేవాడు. అది కదల్లేదు. ఇంకొంచెం ఎత్తాడు. కదల్లేదు. ఇంకొంచెం. ఉన్నట్టుండి జారిపోయింది. వాడు చేతిని అలాగే గాల్లో ఆపి, రెండోచేత్తో కంపాస్ బాక్సులోంచి కోణమానిని తీశాడు. 35 డిగ్రీలు. తర్వాత రబ్బరు మీద రూపాయి బిళ్ళ పెట్టి మళ్ళీ ఎత్తాడు. బరువు పెరిగింది కదా, ముందే జారుతుందని నేను, ఆలస్యంగా జారుతుందని కిటికీ మంచంవాడు పందెం కాశాం. అటూ ఇటూగా అక్కడే జారింది. మా ఇద్దరి సమోసాలూ వాడే తిన్నాడు.

తింటూ ఊరుకున్నాడా? పుస్తకాన్ని బల్లమీద చదునుగా పడేసి, "ఇప్పుడు కోణం సున్నా. రబ్బరు కిందికి జారాలని చూస్తోందా? లేదు. సైన్ సున్నా అంటే సున్నా. అందుకే వాలు వెంబడి ఎంజీ సైన్ థీటా. పుస్తకాన్ని నొక్కే బలం ఇప్పుడు పూర్తిగా ఉంది. కాస్ సున్నా అంటే ఒకటి. అందుకే ఎంజీ కాస్ థీటా. బిళ్ళ ఎగరేయడం దేనికిరా?" అన్నాడు. జారడం మొదలైన కోణానికి ట్యాన్ కడితే ఘర్షణ గుణకం అదేనట, 35 డిగ్రీలకు దాదాపు 0.7. ద్రవ్యరాశి రెండువైపులా కొట్టుకుపోతుందట, అందుకే రూపాయి బిళ్ళ పెట్టినా తేడా రాలేదట.

ఒక రబ్బరు కోసం అరగంట వృథా. ఇలాంటివాళ్ళ పక్కన మంచం వస్తే వార్డెన్‌కు చెప్పి మార్పించుకోండి.

6. ప్రమాణాలు మార్చకండి

గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రైలుకు బ్రేకు వేశారు. రుణత్వరణం 2 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్. ఎంత దూరంలో ఆగుతుంది? ఐదు బై పద్దెనిమిదితో గుణించి 20 చేసుకున్నవాడికి 100 మీటర్లు వస్తుంది. గుణించే ఓపిక లేని మనకు 1296 వస్తుంది. పన్నెండు వందల తొంభై ఆరు! బండి ప్లాట్‌ఫాం దాటి, గేటు దాటి, మామిడితోటల దగ్గర ఆగుతుంది. ప్రయాణికులు సామాన్లు మోసుకుంటూ వెనక్కి నడుస్తారు, వ్యాయామం.

దీనికి గొప్పవాళ్ళ ఉదాహరణ కూడా ఉంది. 1999 సెప్టెంబరులో అంగారకుడి దగ్గరికి చేరిన నాసా నౌక, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, ఇదే పద్ధతిలో పోయింది. థ్రస్టర్ల లెక్కలు ఒకవైపు వాళ్ళు పౌండ్లలో ఇచ్చారు, రెండోవైపు వాళ్ళు న్యూటన్లనుకుని వాడుకున్నారు. నౌక ఉండాల్సినదానికంటే బాగా కిందికి దిగి నాశనమైంది. అంగారకుడి దాకా నౌక పంపినవాళ్ళకు లేని పట్టింపు రెండు మార్కుల బిట్టుకెందుకు? లెక్చరర్ తిడితే ఈ కథ చెప్పండి. కథ బాగుందని మెచ్చుకుని మరీ సున్నా వేస్తారు.

7. సగటు అంటే కలిపి రెండుతో భాగించడం, రెట్టింపు అంటే అన్నీ రెట్టింపు

విజయవాడ నుంచి గుంటూరుకు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, అదే దారిలో 60తో తిరిగొస్తే సగటు వడి 50. నెమ్మదిగా వెళ్ళినప్పుడు దారిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి 48 అని వాదించేవాళ్ళతో బండెక్కకండి.

అలాగే, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న మోటారుసైకిలు బ్రేకు వేశాక 6 మీటర్లలో ఆగితే, 60 వేగంలో 12 మీటర్లలో ఆగుతుంది. ఇది మన లెక్క. రోడ్డు మాత్రం వేగాన్ని వర్గం చేసుకుని 24 మీటర్లు అడుగుతుంది. తేడా 12 మీటర్లు ముందున్న లారీ ఖాతాలో పడుతుంది.

8. ఉపేక్షించండి

ఈ పాఠాల్లో నాకు నచ్చిన మాట ఇదొక్కటే. గాలి నిరోధాన్ని ఉపేక్షించండి అంటుంది పుస్తకం. దారం బరువును ఉపేక్షించండి, కప్పీ ఘర్షణను ఉపేక్షించండి అంటుంది. సోమరితనంలో అది మనకంటే రెండాకులు ఎక్కువే చదివింది. మీరు ఇంకొక్క అడుగు ముందుకెయ్యండి. చిన్న దిమ్మెను ఉపేక్షించండి. పెద్ద దిమ్మె ఒక్కటే మిగులుతుంది, అది జీతో కిందపడుతుంది, లెక్క అయిపోయింది.

కప్పీకి అటు 3 కిలోలు, ఇటు 2 కిలోలు వేలాడుతుంటే త్వరణం జీలో ఐదోవంతు వస్తుంది. ఒక్క కిలో తేడా ఐదు కిలోలనూ కదపాలి కాబట్టి. జార్జ్ అట్‌వుడ్ అనే కేంబ్రిడ్జి ఆయన పద్దెనిమిదో శతాబ్దంలో ఈ యంత్రం చేసిందే అందుకు. నేరుగా పడే వస్తువు గడియారానికి చిక్కనంత వేగంగా పోతుంది, ఇలా వేలాడదీస్తే నింపాదిగా దిగుతుంది, తీరిగ్గా కొలవచ్చు. పడేదాన్ని పడనివ్వకుండా ఆపి మరీ కొలవడం, ఏం మనుషులో!

9. పుస్తకంలో ఫిజిక్సు వేరు, బయట ఫిజిక్సు వేరు

టిఫిన్ క్యారియర్లో సాంబారు గిన్నె, పెరుగు గిన్నె వేరువేరుగా ఉంటాయి. తలలో కూడా రెండు గిన్నెలు పెట్టుకోండి, ఒకదాన్ని ఇంకోదాంట్లో ఒలకనివ్వకండి. పరీక్షలో "చర్య, ప్రతిచర్య సమానం" అని రాయండి. బయట లారీ వచ్చి చిన్న కారును గుద్దితే లారీయే ఎక్కువ బలంతో గుద్దిందని చెప్పండి. బలాలు రెండూ సమానమే, కారు ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దాని త్వరణం ఎక్కువ, లోపలివాళ్ళకు ఎక్కువ కుదుపు తగిలేది అందుకే అని ఎవరైనా అంటే, కారువాడి ముందు అనమనండి చూద్దాం.

ఇది ప్రపంచమంతా పాటించే పద్ధతే. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ నుంచి డేవిడ్ హెస్టెనిస్, ఆయన సహచరులు 1992లో బలం గురించి ఒక ప్రశ్నావళి ప్రచురించారు. సూత్రాలతో పని లేదు, అన్నీ మామూలు మాటల ప్రశ్నలు. ఈ లారీ, కారు సంగతి అందులోదే. సూత్రాలతో లెక్కలు చకచకా చేసే పిల్లలు కూడా అక్కడ తడబడ్డారు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసరు, మావాళ్ళకిది మంచినీళ్ళ ప్రాయమనుకుని ఇచ్చి చూస్తే, ఒక విద్యార్థిని లేచి, మీరు నేర్పినట్టు రాయమంటారా, నేను మామూలుగా అనుకునేట్టు రాయమంటారా అని అడిగిందట. ఆ అమ్మాయికి నా నమస్కారాలు. రెండు గిన్నెల సిద్ధాంతాన్ని ఇంత సూటిగా నేను కూడా చెప్పలేకపోయాను.

ఈ సిద్ధాంతం ప్రకారమే, పైకి విసిరిన రాయి శిఖరం దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది కాబట్టి అక్కడ త్వరణం కూడా సున్నా అని ఘంటాపథంగా చెప్పండి. వేగమూ సున్నా, త్వరణమూ సున్నా ఐతే ఆ రాయి ఇక కిందికి రాకూడదు, అక్కడే దిష్టిబొమ్మలా వేలాడాలి. వేలాడుతోందో లేదో మెడ ఎత్తి చూడకండి. బరువైనది ముందు పడుతుందన్న అరిస్టాటిల్ మాట కూడా మన గిన్నెలోదే. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒక్కసారే వదిలితే రెండూ ఒక్కసారే పడ్డాయంటారా? అది చంద్రుడు. అక్కడ గాలి లేదు, ఇంటర్ బోర్డూ లేదు.

10. వెనక పేజీ నుంచి ముందుకు రండి

హోంవర్క్ ఇలా చేయాలి. మొదట పుస్తకం చివర సమాధానం చూడండి. ఉదాహరణకు 12 న్యూటన్లు. దాన్ని పేజీ అడుగున రాసి డబ్బా కట్టండి. పేజీ పైన "దత్తాంశం" అని రాసి అంకెలు దింపండి. ఇప్పుడు రెండు ఒడ్లూ ఉన్నాయి, మధ్యలో వంతెన కట్టడమే మిగిలింది. మీ లెక్క ప్రకారం 24 వస్తోందా? ఫరవాలేదు, "సౌష్ఠవం వల్ల" అని రాసి రెండుతో భాగించండి. 9.8 అడ్డమొస్తోందా? "సూక్ష్మీకరించగా" అనండి. "కావున" అన్న మాటను వరుసకొకటి చొప్పున వాడండి. దాని ముందు ఏముందో, వెనక ఏముందో ఎవరూ చూడరు. ఎంత వెడల్పు గోతినైనా ఒక్క "కావున" దాటిస్తుంది.

వచ్చిన జవాబు సబబుగా ఉందో లేదో మాత్రం చూడకండి. నడిచే మనిషి సెకనుకు 340 మీటర్లు నడిస్తే నడవనివ్వండి, వాడి ఓపిక. క్రికెట్ బంతి 80 కిలోలుంటే ఫీల్డరు చూసుకుంటాడు.

11. కంప్యూటర్ ముందు

ఎప్‌సెట్ ఇంజినీరింగులో 160 ప్రశ్నలు, ఫిజిక్సువి 40, తప్పులకు కోత లేదు. నలభైకీ ఒకటే ఆప్షన్ నొక్కి బల్లమీద తల వాల్చండి, నాలుగోవంతుకు అటూ ఇటూగా వచ్చిపడతాయి. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు కోస్తారు. అక్కడ నిద్రపోవడానికి ఏదీ నొక్కనక్కర్లేదు, ఇంకా సుఖం.

12. ఇంట్లో ఏం చెప్పాలి

మార్కులొచ్చిన రోజుకు సాకులు ముందే ఆరబెట్టుకుని ఉంచుకోండి. నేను వాడినవి ఇవి.

"పేపరు సిలబస్ బయటనుంచి ఇచ్చారు." మొదటిసారికి పనికొస్తుంది. రెండోసారికి ఎవరూ నమ్మరు, సిలబస్ మీ ఇంట్లో అందరికీ తెలిసిపోయి ఉంటుంది.

"లెక్చరర్ మధ్యలో మారారు." మారకపోయినా చెప్పొచ్చు.

"ఎద్దులు బండిని ఎంత లాగుతాయో బండి కూడా ఎద్దుల్ని అంతే లాగుతుంది. రెండూ సమానం కాబట్టి కదలదు. నేనూ అందుకే కదల్లేదు." దీన్ని మా నాయనమ్మ దగ్గర వాడాను. ఆవిడ వక్క కొరుకుతూ, "ఎద్దు బండిని లాగుతుందిరా, కాలితో నేలను తంతుంది. నేల దాన్ని ముందుకు తోస్తుంది. బురదలో నేల తొయ్యదు, అందుకే బండి దిగబడుతుంది" అంది. ఆవిడ పలక కూడా పట్టలేదు. ఈ సాకు పల్లెల్లో వాడకండి, పట్నాలకే పనికొస్తుంది.

"న్యూటన్ వల్లే ఇదంతా." ఇది నిజం కూడా. 1665లో ప్లేగు వచ్చి కేంబ్రిడ్జి మూసేస్తే, ఆ మనిషి ఇంటికెళ్ళి హాయిగా పడుకోకుండా లెక్కలు చేసుకున్నాడు. సెలవులిస్తే లెక్కలు చేసుకునేవాడు రాసిన నియమాలు సెలవుల కోసం బతికే మనకెలా కుదురుతాయి?

ఏ సాకూ పారకపోతే ఆఖరి ఉపాయం, మౌనం. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి మా నాన్న నన్ను బండి వెనక ఎక్కించుకుని కాలేజీకి తీసుకెళ్ళినప్పుడు నేను వాడింది ఇదే. దారి పొడుగునా ఒక్క మాట లేదు. చెరువుకట్ట మలుపు దగ్గర రోడ్డు మీద ఇసుక పోసి ఉంది. నాన్న మలుపుకు ముందే వేగం తగ్గించి, బండిని నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా ఇసుక దాటించాడు. దాటాక మళ్ళీ బండి వాల్చి తిప్పాడు. అలా ఎందుకు చేశావు నాన్నా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మీరూ అడక్కండి. అడిగితే ఆయన బండి ఆపి, దిగి, ఆ ఇసుకలో కాలితో గీసి బొమ్మ వేసి మరీ చెప్తాడు.